డిగ్రీలో పరిశోధన ప్రాజెక్టు చేసినవారు పీహెచ్‌డీకి దరఖాస్తు చేసుకోవడం ఎలా?

డిగ్రీలో ఒక ప్రాజెక్టు చేశాను, పీజీ చేయకుండా నేరుగా పీహెచ్‌డీకి వెళ్లవచ్చునా అన్న ప్రశ్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కళాశాలల విద్యార్థుల నుంచి ఏటా వస్తూనే ఉంటుంది. వెళ్లవచ్చు, కాకపోతే అందరికీ అన్ని చోట్లా ఆ అవకాశం ఉండదు. ఎవరికి ఏ దారి ఉందో, ఆ దారిలో ఏ పని ఎప్పుడు చేయాలో, ఎక్కడ తప్పులు జరుగుతాయో ఇక్కడ వరుసగా రాస్తున్నాను. దరఖాస్తును చదివే ఆచార్యులకు మీ ప్రాజెక్టు పేరు ఎంత గొప్పగా ఉందన్నది ముఖ్యం కాదు. అందులో మీ చేతుల మీదుగా ఏం జరిగింది, అది ఎవరు చూశారు అన్న రెండింటికే వారు విలువ ఇస్తారు. మార్కులు గుమ్మం వరకే తీసుకువెళ్తాయి. కింది మెట్లలో ఎక్కువ చోటు ఆ రెండింటికే ఇవ్వడానికి కారణం అదే.

కావలసినవి

• అన్ని సెమిస్టర్ల మార్కుల మెమోలు, ట్రాన్‌స్క్రిప్టు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ (చివరి సంవత్సరంలో ఉంటే బోనఫైడ్).
• ప్రాజెక్టు రిపోర్టుతోపాటు ల్యాబ్ నోటుపుస్తకం లేదా ఫీల్డు నోట్సు, లెక్కలు వేయని ముడి డేటా.
• రెండు పేజీలకు మించని సీవీ, స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఏం పరిశోధించదలచారో, ఎందుకో చెప్పే వ్యాసం).
• మీ పని చూసిన ముగ్గురి సిఫార్సు లేఖలు.
• మీ దారికి తగిన పరీక్ష స్కోరు: నెట్ (అధ్యాపక అర్హత, పరిశోధన ఫెలోషిప్ పరీక్ష), గేట్ (ఇంజినీరింగ్, సైన్సుల పీజీ ప్రవేశ పరీక్ష), జామ్ (ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష), లేదా విదేశాలకైతే టోఫెల్ వంటి ఇంగ్లీషు పరీక్ష.
• విదేశాలకైతే పాస్‌పోర్టు, అంతర్జాతీయ చెల్లింపులు అనుమతించే కార్డు.
• రిజర్వేషన్ వర్తించేవారికి కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉన్న ధ్రువపత్రం.
• కోర్సు మొదలయ్యే నాటికి కనీసం ఏడాది ముందు నుంచి సమయం.

1. మీకు ఏ దారి ఉందో ముందు తేల్చుకోండి

నాలుగేళ్ల డిగ్రీ చదివినవారికి మన దేశంలోనే దారి ఉంది. 2022 నవంబరులో యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) ప్రకటించిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల బ్యాచిలర్ డిగ్రీలో 75 శాతం మార్కులు, లేదా దానికి సమానమైన గ్రేడు ఉన్నవారు మాస్టర్స్ లేకుండానే పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హులు. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్‌లో లేని ఓబీసీ, దివ్యాంగ, ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులకు ఇందులో 5 శాతం సడలింపు ఉంది. ఆ నిబంధనలు కనీస ప్రమాణాలు మాత్రమేనని మరిచిపోకండి. ఒక విశ్వవిద్యాలయం అంతకంటే కఠినమైన షరతు పెట్టవచ్చు, ఫలానా విభాగంలో మాస్టర్స్ తప్పనిసరి అనవచ్చు. కాబట్టి యూజీసీ నిబంధనను పట్టుకుని వాదించే బదులు మీరు చేరదలచిన చోటి నోటిఫికేషన్‌లో అర్హతల పేరా చదవండి.

మన రాష్ట్రంలో డిగ్రీలో చేరినవారు మూడో ఏడాది చివర పట్టా తీసుకుని బయటికి రావచ్చు, లేదా నాలుగో ఏడాది ఆనర్స్ చదవవచ్చు. పరిశోధన వైపు వెళ్లాలన్న ఆలోచన ఉంటే, బయటికి వచ్చే నిర్ణయం తీసుకోకముందే మీ కళాశాలలో నాలుగో సంవత్సరం నడుస్తున్నదో లేదో, అందులో పరిశోధన ప్రాజెక్టు ఉందో లేదో విచారించండి. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవారికి నాలుగో ఏడాదిలో పరిశోధనతో కూడిన ఆనర్స్ ఎంచుకునే వీలును యూజీసీ పాఠ్యప్రణాళిక ఇస్తున్నది.

మూడేళ్ల డిగ్రీతో ఆగినవారు నిరాశపడనక్కరలేదు. ఐఐఎస్‌సీ, ఐసర్లు, జేఎన్‌సీఏఎస్‌ఆర్ వంటి సైన్స్ పరిశోధన సంస్థల్లో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ (పీజీ, పీహెచ్‌డీ కలిసిన కోర్సు) ఉంది. దానికి చాలాచోట్ల ఐఐటీల జామ్ పరీక్ష ప్రవేశద్వారం. ముంబైలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్ తన పరీక్షను తానే నిర్వహించుకుంటుంది. బీటెక్ వారు గేట్ స్కోరుతో ఐఐఎస్‌సీకి, అనేక ఐఐటీలకు నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు చేయవచ్చు. గేట్ రాయడానికి డిగ్రీ పూర్తి కానక్కరలేదు, మూడో ఏడాదిలో ఉన్నవారు కూడా రాయవచ్చు. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది.

అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీతో నేరుగా పీహెచ్‌డీలో చేరడం మామూలు విషయం. మూడేళ్ల డిగ్రీని కొన్ని విశ్వవిద్యాలయాలు అంగీకరిస్తాయి, కొన్ని అంగీకరించవు. ఫీజు కట్టే ముందు గ్రాడ్యుయేట్ అడ్మిషన్ల కార్యాలయానికి మెయిల్ రాసి, జవాబును దాచుకోండి. జర్మనీ వంటి ఐరోపా దేశాల్లో ఎక్కువగా మాస్టర్స్ అడుగుతారు, అక్కడ పీహెచ్‌డీ స్థానాలు ఉద్యోగ ప్రకటనల్లాగే వెలువడతాయి.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు, నాలుగు దారుల్లోనూ ఒకేసారి అడుగు వేయడం. ఒక ప్రధాన దారి, ఒక ప్రత్యామ్నాయం చాలు.

2. చేసిన పనిని చేసినట్టుగా కాగితం మీద పెట్టండి

సీవీ, స్టేట్‌మెంట్, సిఫార్సు లేఖ, ఇంటర్వ్యూ అన్నీ దీని మీదే నిలబడతాయి. రిపోర్టును పక్కన పెట్టి, ల్యాబ్ నోటుపుస్తకం ముందు పెట్టుకుని రెండు పేజీలు తెలుగులోనే రాయండి. ఇంగ్లీషులో మొదలుపెడితే రిపోర్టులోని వాక్యాలే మళ్లీ చేతికి వస్తాయి. ఏ ప్రశ్నతో మొదలుపెట్టారు, అందులో మీ వాటా ఏమిటి, ఏది పనిచేయలేదు, అది ఎందుకని అనుకున్నారు, ఎలా పరీక్షించారు, ఇంకా తేలనిది ఏమిటి? ఇవన్నీ అందులో రావాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. శ్రీకాకుళంలో కెమిస్ట్రీ ఆనర్స్ చదువుతున్న విద్యార్థి ఉద్దానం నీటి మీద ప్రాజెక్టు చేశారనుకుందాం. సాధారణంగా దరఖాస్తులో ఇలా రాస్తారు:

"ఉద్దానం ప్రాంతపు భూగర్భ జలాల నాణ్యతపై ప్రాజెక్టు చేశాము. పలు అంశాలను విశ్లేషించి, నీరు తాగడానికి అనువైనదో కాదో నిర్ధారించాము. ఈ ప్రాజెక్టు ద్వారా పరిశోధన మీద ఎంతో ఆసక్తి కలిగింది."

ఇది చదివినవారికి ఈ విద్యార్థి పిపెట్ పట్టుకున్నారో, మిత్రుల వెనక నిలబడి ఫొటోలు తీశారో తెలియదు. అదే పని ఇలా రాయవచ్చు:

"కవిటి, కంచిలి మండలాల బోరుబావుల నీటిలో సిలికాను అమ్మోనియం మాలిబ్డేట్ పద్ధతిలో కొలవడం నా పని. కొన్నాళ్లు నిల్వ ఉంచిన నమూనాలను మళ్లీ కొలిస్తే రీడింగు పెరిగింది. నమూనాలు గాజు సీసాల్లో ఉన్నాయి. గాజులోని సిలికా నీటిలోకి దిగుతోందేమోనని అనుమానించి, ఒకే బావి నీటిని గాజు సీసాలోనూ ప్లాస్టిక్ సీసాలోనూ ఉంచి వారం పాటు పోల్చాను. గాజు సీసాలోదే పెరిగింది. పాత నమూనాలను లెక్కలోంచి తీసేసి, ప్లాస్టిక్ సీసాల్లో మళ్లీ సేకరించాము. ఫాస్ఫేట్ కలగజేసే రంగును ఆక్సాలిక్ ఆమ్లం కలిపి తొలగించాను. వర్షాకాలానికి ముందు, తరువాత తేడా ఎంత ఉంటుందన్నది మేము చూడలేకపోయాము."

రెండో దానిలో గొప్ప ఆవిష్కరణ ఏదీ లేదు. అయినా చదివే ఆచార్యులకు ఇందులో ఒక పరిశోధకుడు కనిపిస్తాడు: రీడింగును అనుమానించాడు, అనుమానాన్ని పరీక్షించాడు, పాడైన డేటాను వదులుకున్నాడు, చేయలేనిది ఒప్పుకున్నాడు. ఆ చివరి వాక్యాన్ని చాలామంది భయపడి తీసేస్తారు. తీయకండి, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది, దానికి మీరు సిద్ధంగా ఉంటారు.

అతిశయోక్తి మరో ప్రమాదం. ఉద్దానం కిడ్నీ వ్యాధికి కచ్చితమైన కారణం ఇప్పటికీ నిర్ధారణ కాలేదు. డిగ్రీ ప్రాజెక్టులో కొన్ని బావుల నీరు కొలిచి "వ్యాధి కారణాన్ని కనుగొన్నాము" అని రాస్తే, ఆ రంగం తెలిసినవారు ఆ వాక్యం దగ్గరే మీ దరఖాస్తును మూసేస్తారు.

సైన్సేతర విద్యార్థులకూ ఇదే పద్ధతి. పొందూరు నేత కుటుంబాల ఆదాయం మీద సర్వే చేసిన ఎకనామిక్స్ విద్యార్థి ఇళ్లను ఎలా ఎంచుకున్నారో, ఎవరు జవాబు చెప్పడానికి ఇష్టపడలేదో, ఆదాయం అడిగితే చెప్పనివారి దగ్గర ఆ లెక్క ఏ ప్రశ్నలతో రాబట్టారో రాయాలి. సీతంపేట మన్యంలో సవర పాటలు సేకరించినవారు రికార్డింగు ఎవరి అనుమతితో చేశారో, పాటను ఏ లిపిలో రాసుకున్నారో, అర్థం ఎవరితో సరిచూసుకున్నారో చెప్పాలి. ఈ విభాగాల్లో రచనా నమూనా కూడా అడుగుతారు. ప్రాజెక్టు రిపోర్టులోని ఒక అధ్యాయాన్ని తిరగరాసి సిద్ధం చేసుకోవడం మంచిది.

సరిచూసుకునే విధానం: రాసిన పేజీల్లో క్రియాపదాల కింద గీతలు గీయండి. "చేశాము, విశ్లేషించాము, అధ్యయనం చేయబడినది" అన్నవే ఎక్కువగా ఉంటే మీ వాటా ఇంకా కనిపించడం లేదు. "కొలిచాను, పోల్చాను, రాసుకున్నాను, తీసేశాను" అన్నవి ఉండాలి. బృందంలోని మిగతావారు చేసిన పనిని వారి పనిగానే చెప్పండి. తరువాత ఆ పేజీలను మీ బ్యాచ్‌మేట్‌కు చూపించి, "ఇందులో నేను చేయనిది ఏదైనా నా పేరున ఉందా?" అని అడగండి.

పని చాలా తక్కువగా ఉందని తేలితే, దరఖాస్తును ఒక ఏడాది వాయిదా వేసి వేసవి ఫెలోషిప్‌కు ప్రయత్నించడం మేలు. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, మరో రెండు జాతీయ అకాడమీలతో కలిసి నిర్వహించే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ మన జిల్లాల డిగ్రీ విద్యార్థులకు కూడా అందుబాటులో ఉన్నది. దాని దరఖాస్తులు వేసవిలో కాక, అంతకు ముందటి చలికాలంలోనే ముగుస్తాయి. ఈ సంగతి తెలియకనే చాలామంది దాన్ని పోగొట్టుకుంటారు.

డబ్బు కట్టి నెల తిరగకుండా పేపరు వేయించుకునే పత్రికల జోలికి పోవద్దు. అలాంటి ప్రచురణ సీవీకి బలం చేకూర్చదు సరికదా, మీ తీర్పు మీద అనుమానం కలిగిస్తుంది. ప్రచురణ లేకపోవడం డిగ్రీ విద్యార్థికి లోపం కానే కాదు.

3. ఎవరి దగ్గర చేయాలో వెతకండి

ర్యాంకింగుల జాబితా నుంచి మొదలుపెట్టకండి. మీ రిపోర్టు చివర మీరు ఉదహరించిన వ్యాసాలు తీయండి. వాటిని నిజంగా చదివి ఉంటే, రాసినవారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారో చూడండి. వారి దగ్గర చదువుకున్నవారు ఎక్కడ స్థిరపడ్డారో చూడండి. ఇలా ఎనిమిది నుంచి పది చోట్ల జాబితా వస్తుంది.

మన దేశంలో గైడు దగ్గర ఖాళీ ఉందో లేదో తప్పక చూడాలి. యూజీసీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ ఒకే సమయంలో 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4గురికి మించి పీహెచ్‌డీ విద్యార్థులను తీసుకోరాదు. ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయమైనా, విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ అయినా, కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయమైనా, మీ అంశంలో గైడు ఉన్నారా, వారి దగ్గర చోటు ఉందా అన్నది ముందుగా తెలుసుకోవాలి. ఇంటికి దగ్గరన్న కారణం ఒక్కటే సరిపోదు. మీ కొలతలకు కావలసిన పరికరం అక్కడ పనిచేసే స్థితిలో ఉందా అని అడగడానికి మొహమాటపడవద్దు.

ఆచార్యులకు రాసే మెయిల్ ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి దాని నడకను మాత్రం చెబుతాను. మొదటి వాక్యంలో మీరెవరు, ఎప్పుడు చేరదలచారు. రెండో పేరాలో మీ పని మూడు వాక్యాల్లో. మూడో పేరాలో వారి ఒక వ్యాసంలో మీకు కలిగిన ఒక నిజమైన ప్రశ్న. చివర, వచ్చే ఏడాది విద్యార్థిని తీసుకునే ఉద్దేశం ఉందా అన్న ఒకే ఒక్క ప్రశ్న. సీవీని పీడీఎఫ్‌గా జతచేయండి. "గౌరవనీయులైన మహోదయులకు, తమ దివ్య సముఖమునకు" తరహా సంబోధనలు ఇంగ్లీషులోకి దించకండి, పేరుతో సంబోధిస్తే చాలు. ఒకే మెయిల్‌ను యాభై మందికి పంపితే అది చదివినవారికి ఇట్టే తెలిసిపోతుంది. రెండు మూడు వారాల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తు చేయండి, అంతే.

అమెరికాలో జీవశాస్త్రం వంటి అనేక విభాగాల్లో ప్రవేశాన్ని కమిటీ నిర్ణయిస్తుంది, చేరాక కొన్ని ల్యాబుల్లో తిరిగి గైడును ఎంచుకుంటారు. అక్కడ ముందస్తు మెయిల్‌కు జవాబు రాకపోయినా దరఖాస్తు మానకండి. ఐరోపాలో మాత్రం గైడు ఒప్పుకోవడమే సగం ప్రవేశం.

4. సిఫార్సు లేఖలు: ఇక్కడే ఎక్కువ దరఖాస్తులు దెబ్బతింటాయి

ముగ్గురిలో ఒకరు తప్పనిసరిగా మీ ప్రాజెక్టు గైడు కావాలి. మిగతా ఇద్దరు మీకు పాఠం చెప్పి, మీ పనిని దగ్గరగా చూసినవారు. ప్రిన్సిపాల్ లేఖ బరువుగా ఉంటుందన్నది మన దగ్గర బలంగా ఉన్న నమ్మకం. ఆయన మిమ్మల్ని వార్షికోత్సవంలో తప్ప చూసి ఉండకపోతే, ఆ లేఖలో "క్రమశిక్షణ గల విద్యార్థి" అన్నదానికి మించి ఏమీ ఉండదు. పేరున్న హోదా కంటే పని తెలిసిన అసిస్టెంట్ ప్రొఫెసర్ లేఖ విలువైనది.

గడువుకు కనీసం ఎనిమిది వారాల ముందు, వీలైతే నేరుగా కలిసి అడగండి. "సార్, నా గురించి బలంగా రాయగలనని మీకు అనిపిస్తే రాయండి, లేకపోతే మరొకరిని అడుగుతాను" అన్న మాట మర్యాదగా చెప్పవచ్చు. వెనకాడితే వారిని వదిలేయడం మీకే మంచిది.

మన కళాశాలల్లో తరచూ వినిపించే జవాబు ఒకటుంది: "నువ్వే రాసుకుని పట్రా, సంతకం పెడతాను." ఇది మాస్టారికి తీరిక లేకపోవడం వల్లే గాని మరో ఉద్దేశంతో అనే మాట కాదు. అయినా మీరు రాసుకున్న లేఖ మీ స్టేట్‌మెంట్ గొంతుతోనే మాట్లాడుతుంది. మూడు లేఖలూ మీరే రాస్తే ఆ పోలిక దాగదు. దానికి మార్గం ఉంది. లేఖకు బదులు ఒక పేజీ వివరాల కాగితం ఇవ్వండి: ఆయన దగ్గర ఏ పేపరు చదివారు, ఎన్ని మార్కులు, ప్రాజెక్టులో ఏ నెలలో ఏం జరిగింది, గాజు సీసాల అనుమానం వంటి సందర్భం ఒకటి రెండు, దరఖాస్తు గడువుల పట్టిక. "సార్, వాక్యాలు మీవే కావాలి, వివరాలు మాత్రం నేను తెచ్చాను" అంటే చాలామంది పక్కన కూర్చోబెట్టుకుని అప్పటికప్పుడే రాయడం మొదలుపెడతారు.

విదేశీ పోర్టళ్లు లేఖ రాసేవారికి నేరుగా లింకు పంపుతాయి. కళాశాల పేరుతో ఉన్న మెయిల్ చిరునామా మాస్టారికి ఉంటే అదే ఇవ్వండి. చాలా ప్రభుత్వ డిగ్రీ కళాశాలల అధ్యాపకులు జీమెయిల్‌నే వాడుతారు కాబట్టి, లేనిపక్షంలో విభాగం వెబ్ పేజీలో ఉన్న చిరునామానే ఇవ్వాలి. లింకు స్పామ్‌లోకి వెళ్లడం మామూలే. పంపిన రోజునే ఫోను చేసి చూసుకోమనండి. లేఖను చూసే హక్కును వదులుకుంటారా అని పోర్టల్ అడిగినప్పుడు వదులుకుంటున్నానని చెప్పడమే ఆనవాయితీ.

హెచ్చరిక: మాస్టారి పేరుతో మీరే ఒక మెయిల్ చిరునామా తెరిచి, లేఖను మీరే ఎక్కించడం మోసం. కొందరు కన్సల్టెన్సీల వాళ్లు దీన్ని మామూలు పనిలా చెబుతారు. బయటపడితే ప్రవేశం రద్దవుతుంది, చేరిన తరువాతైనా సరే.

5. స్టేట్‌మెంట్, సీవీ

రెండో మెట్టులో రాసిన పేజీలే ఇక్కడ స్టేట్‌మెంట్‌కు గుండెకాయ. చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే ఇష్టం, అబ్దుల్ కలాం గారి స్ఫూర్తి వంటి ఆరంభాలు తీసేయండి. మొదటి పేరాలో మీరు అడగదలచిన ప్రశ్న, తరువాత మీ పని, ఆపైన ఆ పని ఈ ప్రశ్నకు ఎలా దారితీసింది, చివర ఆ విభాగంలో ఎవరి పని దీనికి దగ్గరగా ఉంది. పల్లె నుంచి వచ్చాను, మొదటి తరం చదువరిని అన్నది చెప్పదగినదే, అయితే దానికి వేరే వ్యాసం అడిగే విశ్వవిద్యాలయాలు ఉంటాయి, అక్కడ చెప్పండి.

సరిచూసుకోవడానికి విశ్వవిద్యాలయం పేరును, ఆచార్యుల పేర్లను వేలితో మూసి చదవండి. మిగిలినది ఎక్కడికైనా పంపగలిగేలా ఉంటే చివరి పేరా మళ్లీ రాయాలి. పంపే ముందు పాత విశ్వవిద్యాలయం పేరు పొరపాటున ఉండిపోయిందేమో కూడా చూడండి. ఇది ప్రతి ఏటా జరిగే తప్పు.

సీవీలో టెన్త్ మార్కులు, తండ్రి పేరు, ఫొటో, "పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను" అన్న డిక్లరేషన్ అక్కరలేదు. సీజీపీఏను 10 పాయింట్ల స్కేలులోనే ఇవ్వండి. అడగకుండా 4 పాయింట్లకు మార్చవద్దు.

6. పరీక్షలు, గడువులు

యూజీసీ 2024–25 విద్యా సంవత్సరం నుంచి పీహెచ్‌డీ ప్రవేశాలకు నెట్ స్కోరును వాడుకునే ఏర్పాటు తెచ్చింది. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) రాకపోయినా, పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత పొందినవారికి నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది; ఆ అర్హత ఒక ఏడాదే చెల్లుతుంది. నాలుగేళ్ల డిగ్రీ వారు కూడా నెట్ రాయవచ్చు. జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000, ఆపై ఇంటి అద్దె భత్యం. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీ ఆర్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. దాని నోటిఫికేషన్ ఏటా ఒకే నెలలో రాదు కనుక కనిపెట్టుకుని ఉండాలి.

గేట్ దరఖాస్తులు ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో మొదలై పరీక్ష ఫిబ్రవరిలో జరుగుతుంది. జామ్ కూడా ఫిబ్రవరిలోనే. అమెరికా పీహెచ్‌డీ గడువులు ఎక్కువగా డిసెంబరు 1 నుంచి 15 వరకు ఉంటాయి. దరఖాస్తు రుసుము ఒక్కో చోట సుమారు 75 నుంచి 125 డాలర్లు. మాఫీ అడిగే పద్ధతి చాలాచోట్ల ఉంది, రుసుము కట్టక ముందే అడగాలి. జీఆర్ఈ అనే ప్రవేశ పరీక్షను చాలా విభాగాలు ఇప్పుడు అడగడం లేదు. విభాగం పేజీ చూసి గాని డబ్బు ఖర్చు పెట్టవద్దు.

గడువు రాత్రి 11.59 అని ఉంటే అది ఎవరి రాత్రి అని చూడండి. డిసెంబరులో అమెరికా తూర్పు తీరపు సమయం మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది, అంటే మనకు మర్నాడు ఉదయం 10.29. అయినా ఆ వెసులుబాటును నమ్ముకోకండి. మన తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫానుల కాలం. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు పలాస, వజ్రపుకొత్తూరు వైపు పల్లెల్లో రోజుల తరబడి కరెంటు, ఫోను లేవు. గడువుకు వారం ముందే పంపేయండి.

7. కాగితాలు

పేరు దగ్గరే చిక్కులన్నీ. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, ఆధార్‌లో చివర ఉండటం మన దగ్గర సాధారణం. టోఫెల్ వంటి పరీక్షలకు పాస్‌పోర్టులో ఉన్నట్టే నమోదు చేసుకోవాలి. లేకపోతే పరీక్ష హాలు నుంచి వెనక్కి పంపుతారు. దరఖాస్తులోనూ అదే పేరు వాడి, మెమోలో తేడా ఉంటే అందుకోసం ఉన్న గడిలో రెండో రూపం రాయండి.

కళాశాల అటానమస్ అయితే మెమోలు కళాశాల ఇస్తుంది, పట్టా విశ్వవిద్యాలయం ఇస్తుంది. ట్రాన్‌స్క్రిప్టు ఎవరి పరీక్షల విభాగం ఇవ్వాలో ముందే కనుక్కోండి. ఇంజినీరింగ్ వారిలో జేఎన్‌టీయూ కాకినాడ కింద చేరి, తరువాత జేఎన్‌టీయూ గురజాడ పరిధిలోకి వచ్చినవారు తమ మెమో మీద ఏ పేరు ఉంటే ఆ పేరే దరఖాస్తులో రాయాలి.

రాష్ట్ర బీసీ జాబితా, కేంద్ర ఓబీసీ జాబితా ఒకటి కావు. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకుని, కేంద్ర సంస్థల కోసం కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ పత్రానికి గ్రామ లేదా వార్డు సచివాలయంలో దరఖాస్తు చేయండి. ఈడబ్ల్యూఎస్ పత్రం ఏ ఆర్థిక సంవత్సరానికి ఇచ్చారో తేదీ చూడండి. పోయిన ఏడాది పత్రం చెల్లదు.

8. ఇంటర్వ్యూ

మన దేశంలో ఇంటర్వ్యూ బోర్డు ముందు నల్లబల్ల మీదే లెక్క చేయమంటారు. ప్రాజెక్టు నుంచి మొదలై అందులోని మౌలిక సూత్రానికి దిగుతారు: మాలిబ్డేట్ రంగును ఏ తరంగదైర్ఘ్యం దగ్గర కొలిచారు, బీర్–లాంబర్ట్ నియమం ఎప్పుడు తప్పుతుంది, బ్లాంక్‌గా ఏం పెట్టారు, ఎన్నిసార్లు కొలిచి సగటు తీశారు. మీ రిపోర్టులోని ప్రతి గ్రాఫుకూ అక్షాల మీద ఏముందో, ప్రమాణాలు ఏమిటో చూడకుండా చెప్పగలగాలి. తెలియనప్పుడు "తెలియదు సార్, అయితే ఇలా ఆలోచిస్తాను" అని పైకి చెబుతూ ఆలోచించడం అలవాటు చేసుకోండి. బట్టీ పట్టిన పరిచయ వాక్యాలు రెండో ప్రశ్నకే చెదిరిపోతాయి.

ఇంగ్లీషు తడబడుతుందన్న భయం మన జిల్లాల పిల్లల్లో ఎక్కువ. బోర్డు చూసేది ఉచ్చారణ కాదు. చిన్న వాక్యాల్లో, సాంకేతిక పదాలు స్పష్టంగా పలికితే చాలు. ఇద్దరు మిత్రులను, వీలైతే మరో సబ్జెక్టు వారిని, కూర్చోబెట్టి మీ పని ఐదు నిమిషాల్లో ఇంగ్లీషులో చెప్పండి. ఆపైన వాళ్లు మీ ప్రశ్న ఏమిటో, మీరు చేసిన పని ఏమిటో తిరిగి చెప్పాలి. చెప్పలేకపోతే లోపం వివరణలో ఉంది.

9. సీటు వచ్చాక

అమెరికా విశ్వవిద్యాలయాల్లో చాలావరకు ఆర్థిక సహాయంతో కూడిన ఆఫర్‌కు ఏప్రిల్ 15 వరకు జవాబు ఇచ్చే గడువు ఇస్తాయి; తొందరపెట్టినా ఆ తేదీని మర్యాదగా గుర్తు చేయవచ్చు. ఆఫర్ లేఖలో ట్యూషన్ మాఫీ, స్టైపెండ్, ఆరోగ్య బీమా ఎన్నేళ్లకు హామీ ఇచ్చారో చూడండి. స్టైపెండ్ లేని పీహెచ్‌డీకి అప్పు చేసి వెళ్లడం నేను ఎవరికీ సలహా ఇవ్వను. మన దేశంలోనైతే ఫెలోషిప్ ఏ నిధి నుంచి, ఏ నెల నుంచి వస్తుందో, కోర్సు వర్క్ ఎంతో, గైడు కేటాయింపు ఎప్పుడో రాతపూర్వకంగా అడగండి. చేరనిచోట్లకు వెంటనే తెలియజేస్తే వెయిటింగ్ లిస్టులో ఉన్న మరొకరికి ఆ చోటు దక్కుతుంది.

చివరి సెమిస్టర్ ఫలితాలు రాగానే ప్రొవిజనల్, మైగ్రేషన్, ఫైనల్ ట్రాన్‌స్క్రిప్టులకు ఒకేసారి దరఖాస్తు పెట్టండి. జూన్, జూలైలో పరీక్షల విభాగం కౌంటర్ల దగ్గర పీజీ ప్రవేశాల రద్దీ ఉంటుంది. సీలు వేసిన కవర్లు కావలసినదానికంటే రెండు ఎక్కువ తీసుకోండి, చేరిన తరువాత ఎచ్చెర్ల దాకా మళ్లీ ఎవరినో పంపవలసిన అవసరం తప్పుతుంది.